ఇటలీలో బస: ఊళ్ళోనా, చేన్లోనా?

ఈ రోజు ఎపిసోడ్ ఒక వాట్సాప్ మెసేజ్‌తో మొదలైంది. మా చిన్నబాపు కొడుకు పుట్టి పెరిగింది శ్రీరాంపూర్‌లో, ఇప్పుడు ఉద్యోగం హైదరాబాద్‌లో. వాడూ, మా మరదలూ కలిసి ఇటలీ పోదామని రెండేళ్ళుగా పైసలు కూడబెడుతున్నారు. టికెట్లు అయిపోయాయి. ఉండే చోటు దగ్గర ఆగిపోయారు. వాడు నాకు రెండు లింకులు పంపాడు. ఒకటి ద్రాక్షతోటల మధ్య ఒంటరిగా ఉన్న పెద్ద రాతి ఇల్లు. చుట్టూ ఇంకో ఇల్లు లేదు. రెండోది గుట్ట మీద ఉన్న పాత ఊళ్ళో, సన్నటి గల్లీలో చిన్న హోటల్. కిరాయి రెండింటికీ ఇంచుమించు ఒకటే.

"అన్నా, ఏది బుక్ చెయ్యాలె? రెండూ పల్లెటూర్లే గదా, తేడా ఏముంటది?" అని అడిగాడు.

పక్కన మా చిన్నబాపు ఉన్నాడు. బొగ్గుబాయిలో తట్టా చెమ్మస్ పట్టి పని మొదలుపెట్టి, రిటైరైన మనిషి. ఆయన ఫోన్ తీసుకుని ఆ రాతి ఇంటి ఫోటోను వేళ్ళతో పెద్దగా చేసి చూశాడు. చూసి ఒక్క మాట అన్నాడు: "అంత మంచి ఇల్లు ఇడిసిపెట్టి, ఆ ఇంటోళ్ళు ఎటు పోయిన్రు రా?"

తమ్ముడి ప్రశ్నకి జవాబు చిన్నబాపు ప్రశ్నలోనే ఉంది. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ జవాబు కోసమే. చివర్లో ఏది బుక్ చెయ్యాలో కూడా చెప్తాను, మధ్యలో పోవద్దు.

ముందు మన దగ్గర నుంచి మొదలుపెడదాం. "రెండూ పల్లెటూర్లే" అని తమ్ముడు ఎందుకన్నాడు? మనకి పల్లె అంటే ఊరే కాబట్టి. మంచిర్యాల నుంచి లక్షెట్టిపేట వైపు బస్సులో పోతుంటే కిటికీలోంచి చూడండి. ఇళ్ళన్నీ ఒక్క చోట గుంపుగా ఉంటాయి. ఆ తర్వాత వరి, పత్తి, మొక్కజొన్న. మళ్ళీ కొన్ని కిలోమీటర్లకి ఇంకో ఇళ్ళ గుంపు. మధ్యలో చేన్లలో ఏముంటాయి? బాయికాడ మోటారు పెట్టుకునే చిన్న గది, పశువుల కొట్టం, పందులను కొట్టడానికి రాత్రి కావలి ఉండే మంచె. సంసారం పెట్టుకుని పిల్లాజెల్లాతో చేన్లో ఉండే కుటుంబం చాలా అరుదు. పొద్దున చేనుకు పోతారు, మాపటికి ఊళ్ళోకి వస్తారు. అడవి వైపు పోతే గూడెం ఉంటుంది. అదీ ఇళ్ళ గుంపే, కాకపోతే చిన్నది.

ఎందుకిట్లా? తాగే నీళ్ళ బాయి ఊళ్ళో ఉంటుంది, చెరువు ఊరి పక్కన ఉంటుంది. దొంగల భయం, అడవి జంతువుల భయం. వీటికి మించి ఇంకోటి ఉంది. మన ఊరు కులాల వాడలుగా కట్టిన ఊరు. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, అందరి పనీ ఒకరితో ఒకరికి ముడిపడి ఉంటుంది. చేన్లో ఒక్కడు ఇల్లు కట్టుకుని ఉంటే ఈ పనులేవీ నడవవు. అందుకే ఇక్కడ రైతు చేన్లో బతుకుతాడు గానీ చేన్లో ఉండడు.

ఈ సంగతి మన ప్రాంతం మీదుగా పోయిన ఒక పాత తెలుగు ప్రయాణికుడు చెప్పిన దారి లెక్కల్లో బాగా కనిపిస్తుంది. ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్ ఉద్యోగం. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి కాశీకి పోయి, 1831 సెప్టెంబర్ 3న తిరిగి మద్రాసు చేరాడు. రైళ్ళు లేవు. వెంట ఇంటివాళ్ళు, బోయీలు, పనివాళ్ళు కలిపి దాదాపు వంద మంది. హైదరాబాద్ నుంచి నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా నాగపూర్ దారి పట్టాడు. మన మంచిర్యాల నుంచి జన్నారం, ఖానాపూర్ మీదుగా పోతే నిర్మల్‌లో తగిలేది ఆ దారే. ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి చాలా వరకు అదే.

ఆయన దారి పొడుగునా రాసి పంపిన ఉత్తరాలనే స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై 1838లో 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో అచ్చు వేయించాడు. ఆ పుస్తకం చదువుతుంటే ఇప్పటి హోటల్ రివ్యూలు గుర్తొస్తాయి. ప్రతి మజిలీ దగ్గరా ఆయన చూసేవి అవే: ఊరు పెద్దదా చిన్నదా, దిగడానికి ఇల్లు దొరుకుతుందా, నీళ్ళు మంచివా, సరుకులు అమ్మే దుకాణాలున్నాయా, దారి ఎట్లా ఉంది. ఇల్లు దొరకని చోట వేసుకోవడానికి వెంట డేరాలు ఉన్నాయి.

అంటే ఆయన ముందున్న ఎంపిక ఏంది? ఊళ్ళో దిగడం, లేకపోతే ఊరి బయట డేరా వేసుకోవడం. ఊరికీ ఊరికీ మధ్య చేన్లో ఒక ఇల్లు ఉంటుంది, అందులో దిగొచ్చు అనే మాటే లేదు. ఎందుకంటే ఆ ఇల్లు లేదు. రెండు వందల ఏళ్ళ తర్వాత మా తమ్ముడికీ అది తోచలేదు. తప్పు వాడిది కాదు. మన భాషలో ఆ రెండింటికీ వేరే పేర్లు అవసరం పడలేదు.

ఇటలీ వాళ్ళకి అవసరం పడింది. గుట్ట మీద ఇళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకుని గోడలా నిలబడ్డ ఊరిని 'బోర్గో' అంటారు. ఆ ఊరి బయట, పొలాల మధ్య ఉండే లోకాన్ని 'కంపాన్యా' అంటారు. బుకింగ్ యాప్‌లో "విలేజ్ హోటల్", "కంట్రీసైడ్ స్టే" అని కనిపించేవి ఈ రెండే. ఇవి రెండు రకాల అందాలు అనుకుంటారు చాలామంది. అసలు ఇవి రెండు రకాల బతుకులు.

ముందు చేన్లో ఇల్లు కథ చెప్తా. మా తమ్ముడు పంపిన రాతి ఇల్లు టస్కనీలో ఉంది. ఫ్లోరెన్స్, సియెనా నగరాలు అక్కడివే. మధ్యయుగాల్లో ఆ నగరాల వ్యాపారులు బాగా సంపాదించి, ఆ పైసలు తీసుకొచ్చి భూముల మీద పెట్టారు. వాళ్ళకి వ్యవసాయం తెలియదు, చెయ్యరు కూడా. అందుకని భూమిని ముక్కలు చేశారు. ఒక్కో ముక్క ఒక్క కుటుంబం దున్నడానికి సరిపోయేంత. ఆ ముక్కని 'పొదేరే' అంటారు. ఆ ముక్క మధ్యలోనే ఒక ఇల్లు కట్టించి, ఒక కుటుంబాన్ని దింపారు. పండిన దాంట్లో సగం యజమానికి, సగం ఆ కుటుంబానికి. ఈ పద్ధతి పేరు 'మెజ్జద్రియా'. ఆ పేరులోనే సగం అనే అర్థం ఉంది. మన దగ్గర పాలుకు చెయ్యడం అంటాం చూడండి, దాదాపు అదే. ఉంబ్రియా, మార్కే ప్రాంతాల్లోనూ ఇదే నడిచింది. అదీ ఒక తరం, రెండు తరాలు కాదు, కొన్ని వందల ఏళ్ళు.

ఇల్లు చేన్లోనే ఎందుకు? కుటుంబం మొత్తం, ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలతో సహా, పొద్దున లేస్తూనే పనిలో ఉండాలి కాబట్టి. ద్రాక్ష, ఆలివ్, గోధుమ, కూరగాయలు, పశువులు, అన్నీ ఒకే ముక్కలో. ఊరి నుంచి నడిచొచ్చే టైం కూడా పనికే పోవాలి. ఆ ఇంటి కట్టుబడి చూడండి. కింద ఎడ్ల కొట్టం, పైన పెద్ద వంటిల్లు, దాని చుట్టూ గదులు. కింద పశువుల వేడి పైకి వస్తుంది, చలికాలంలో అది కూడా ఒక ఆసరా. ఇప్పుడు మీరు ఫోటోలో చూసే "రస్టిక్ లివింగ్ రూమ్" చాలాసార్లు ఆ ఎడ్ల కొట్టమే.

1765 నుంచి 1790 వరకు టస్కనీని ఏలిన పియెత్రో లియోపోల్దో కాలంలో ఈ ఇళ్ళని ఒక ప్లాన్ ప్రకారం కట్టారు. పైన పావురాల గూడు బురుజులా లేచి ఉంటుంది. వాటిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ప్లాన్ గీసి, వరసపెట్టి, పనిచేసేవాళ్ళ కోసం యజమాని కట్టించిన ఇళ్ళు. ఈ మాట వింటే శ్రీరాంపూర్ వాళ్ళకి ఏం గుర్తురావాలి?

క్వార్టర్!

సింగరేణి కంపెనీ మన దగ్గర చేసింది కూడా దీనికి దగ్గరదే. 1871లో ఇల్లందు ప్రాంతంలో విలియం కింగ్ బొగ్గు ఉందని గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాల హక్కు తీసుకుంది. 1920 డిసెంబర్ నుంచి సింగరేణి కాలరీస్ పేరు వచ్చింది. తర్వాత గనులు బెల్లంపల్లి, మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్ వరకూ పాకాయి. గని ఎక్కడ పడితే కాలనీ అక్కడ. వరసగా క్వార్టర్లు, నీళ్ళ ట్యాంకు, దవాఖాన, బడి. ఏ ఊరి నుంచి వచ్చినవాడైనా, ఏ కులమోడైనా పక్కపక్క క్వార్టర్లలో ఉన్నారు. మన పాత ఊళ్ళ వాడల పద్ధతికి ఇది పూర్తిగా వేరే. అందుకే శ్రీరాంపూర్‌లో పెరిగిన పిల్లగానికి "మీ ఊరేది?" అంటే రెండు జవాబులుంటాయి. ఒకటి క్వార్టర్ ఉన్న కాలనీ, ఇంకోటి తాత ఇల్లున్న ఊరు.

క్వార్టర్‌కి ఒక లెక్క ఉంది, అది మనందరికీ తెలుసు. కొలువు ఉన్నన్ని రోజులే ఇల్లు. గోడకి సున్నం మనమే వేస్తాం, జామచెట్టు మనమే పెడతాం, పిల్లల పెళ్ళిళ్ళు ఆ ముందరి జాగాలోనే చేస్తాం. రిటైరయ్యాక తాళంచెవి ఇచ్చెయ్యాలి. మా చిన్నబాపు ఆ ఫోటో చూసి "ఎటు పోయిన్రు" అని అడిగాడంటే, ఇల్లు ఖాళీ చేసినవాడికే ముందు ఆ ప్రశ్న వస్తుంది.

అయితే క్వార్టర్‌కీ, టస్కనీ చేన్లో ఇంటికీ పెద్ద తేడా కూడా ఉంది. అది మర్చిపోతే లెక్క తప్పుతుంది. సింగరేణి కార్మికుడికి జీతం ఉంది, యూనియన్ ఉంది, పింఛను ఉంది. పాలుకు చేసే ఇటలీ రైతుకి అవి లేవు. ఒప్పందం ఏడాదికోసారి. యజమానికి నచ్చకపోతే వెళ్ళిపొమ్మని నోటీసు ఇస్తాడు, కుటుంబం మొత్తం సామాను బండికెత్తి ఇంకో పొదేరే వెతుక్కోవాలి. పంట సగం ఇవ్వడమే కాదు, పండగలకి కోళ్ళు, గుడ్లు యజమానికి పంపాలి. చాలా చోట్ల ఇంట్లో పెళ్ళి చెయ్యాలన్నా యజమాని ఒప్పుకోవాలి. ఎందుకంటే కుటుంబంలో ఎన్ని చేతులున్నాయి, ఎన్ని నోళ్ళున్నాయి అనేది ఆయన లెక్క.

ఇది వింటుంటే మన గడి గుర్తొస్తుంది కదా? వెట్టి, నాగులు, పండక్కి కోళ్ళు, పెళ్ళికి దొర మాట. టస్కనీలోనూ గడి లాంటిది ఉంది. పది, ఇరవై పొదేరేల పంట వచ్చి చేరే పెద్ద భవనాన్ని 'ఫత్తోరియా' అంటారు. అక్కడ యజమాని తరఫున లెక్క రాసే ఏజెంటు ఉంటాడు. యజమాని వేసవిలో వచ్చి ఉండే విల్లా పక్కనే. ఇప్పుడు బుకింగ్ యాప్‌లో "ఫత్తోరియా", "విల్లా" అని పేరున్న ఖరీదైన చోట్లు చాలా వరకు ఇవే. మామూలు ఫామ్‌హౌస్ అని ఉన్నవి పాలుకు చేసినవాళ్ళ ఇళ్ళు.

ఒక తేడా చూడండి. మన గడి ఊరి నడుమ ఉంటుంది, అందరిళ్ళూ దాని కంటికింద. టస్కనీలో రైతులు చేనుకొకరుగా చెల్లాచెదురు. అక్కడ యజమానికి రైతులు దూరం, రైతుకి రైతు కూడా దూరమే.

ఇక కాలం కలిసే చోటు ఒకటుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య దొర మనుషుల తూటాకి పడిపోయాడు. తెలంగాణ సాయుధ పోరాటం అక్కడి నుంచి ఎట్లా ఎగిసిందో మీకు తెలుసు. అదే 1946లో, యుద్ధం ముగిసిన ఇటలీలో, పాలు రైతులు సగం చాలదని ఉద్యమం చేస్తుంటే ప్రధాని దె గాస్పరి మధ్యవర్తి తీర్పు చెప్పాడు. 1947 ఒప్పందంతో సగం కాస్తా రైతుకి 53, యజమానికి 47 అయ్యింది. వినడానికి మూడు శాతమే. కానీ వందల ఏళ్ళ "సగం" అనే గీత మొదటిసారి కదిలింది. 1964లో చట్టం వచ్చింది: రైతు వాటా 58 శాతం, ఇక మీదట కొత్త పాలు ఒప్పందాలు రాసుకోవడానికి వీల్లేదు. 1982లో ఇంకో చట్టం, మిగిలిన ఒప్పందాలను కౌలు కిందికి మార్చడానికి.

అప్పటికి రైతులు ఆగలేదు. 1950లు, 60లు ఇటలీకి ఫ్యాక్టరీల కాలం. వెస్పా స్కూటర్లు చేసే పియాజ్జో ఫ్యాక్టరీ టస్కనీలోనే, పొంతెదేరాలో ఉంది. నెల తిరిగితే జీతం. కరెంటు, నల్లా నీళ్ళున్న ఫ్లాటు. పెళ్ళికి ఎవరినీ అడగక్కర్లేదు. చేన్లో ఇంట్లో ఉన్న పిల్లలు ఒక్కొక్కరే పోయారు, తర్వాత ముసలివాళ్ళు కూడా. చిన్నబాపు ప్రశ్నకి సగం జవాబు ఇదీ. వాళ్ళని ఎవరూ తరమలేదు. వాళ్ళే పోయారు, చాలామంది సంతోషంగానే పోయారు. మనకి ఫోటోలో స్వర్గంలా కనిపించే ఇల్లు వాళ్ళకి వదిలిపెట్టి పోవాల్సిన ఇల్లు.

ఆ ఖాళీ ఇళ్ళు కూలిపోతున్నప్పుడు కొన్నింటిని ఇంగ్లీషువాళ్ళు, జర్మన్లు చవకగా కొనుక్కున్నారు. ఇంకోవైపు 1965లో 'అగ్రితురిస్ట్' అనే సంఘం పుట్టింది. ఆలోచన సింపుల్: వ్యవసాయంతో గిట్టుబాటు కాకపోతే, చేన్లో ఇంట్లో రెండు గదులు అతిథులకిచ్చి, ఇంట్లో పండిందే వండి పెట్టి, రైతు భూమి మీదే నిలబడొచ్చు. 1985లో దీనికి దేశం మొత్తానికి చట్టం చేశారు, 2006లో కొత్త చట్టం తెచ్చారు. దాంట్లో అసలు షరతు ఒకటే. 'అగ్రితురిస్మో' అని బోర్డు పెట్టాలంటే నువ్వు రైతువై ఉండాలి, వ్యవసాయమే ముఖ్యమైన పని అయి ఉండాలి, అతిథులు దాని తర్వాత. ఇది బుక్ చేసేటప్పుడు మీకు పనికొచ్చే మాట. "కంట్రీ హౌస్" అని ఉంటే అక్కడ వ్యవసాయం ఉండాలని లేదు. "అగ్రితురిస్మో" అని ఉంటే ఉండాలి.

ఇప్పుడు గుట్ట మీద ఊరి సంగతి. ఇటలీలో ఊళ్ళు గుట్టలెక్కి ఎందుకు కూర్చున్నాయి? ఒకటి, శత్రువుల భయం. రెండోది దోమ. పల్లపు నేలల్లో మలేరియా మనుషుల్ని తినేసేది. ఇటలీలో మలేరియా పూర్తిగా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది 1970లో. అంటే మొన్నటి సంగతే.

మూడో కారణం భూమి. ముఖ్యంగా దక్షిణ ఇటలీలో భూములన్నీ కొద్దిమంది పెద్ద భూస్వాముల చేతిలో ఉండేవి. మిగతావాళ్ళు రోజుకూలీలు. వాళ్ళకి చేన్లో ఇల్లు ఎవరు కట్టిస్తారు? ఊళ్ళో ఒక గదిలో కుటుంబమంతా ఉండి, చీకటితోనే లేచి అడ్డా మీద నిలబడి, పని దొరికితే గంటల తరబడి చేనుకు నడిచేవాళ్ళు. మన ఊళ్ళతో పోలిస్తే దక్షిణ ఇటలీ ఊళ్ళే మనకి దగ్గర. చేను వేరు, ఊరు వేరు.

ఈ ఊళ్ళల్లో అందరికన్నా గట్టి కథ మతేరాది. కొండని తొలిచి చేసిన గుహల్లో మనుషులు, గాడిదలు, కోళ్ళు కలిసి ఉన్నారు. కార్లో లేవీ అనే రచయిత 1945లో ఒక పుస్తకంలో దాని గురించి రాస్తే దేశం సిగ్గుపడింది. 1952లో చట్టం చేసి దాదాపు 15 వేల మందిని ఆ గుహల నుంచి కొత్త కాలనీలకి తరలించారు. గుహలు ఖాళీ. తర్వాత 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వం అయ్యింది, 2019లో యూరప్ సాంస్కృతిక రాజధాని అయ్యింది. ఒకప్పుడు దేశానికి సిగ్గుచేటు అన్న గుహలో ఇప్పుడు ఒక్క రాత్రికి ఎంత అడుగుతారో మీరే యాప్‌లో చూసుకోండి.

ఇంకో రకం ఊరు హోటల్ కూడా ఉంది. 1976లో ఫ్రియూలీ ప్రాంతంలో భూకంపం వచ్చి దాదాపు వెయ్యి మంది చనిపోయారు. కొండల్లోని ఊళ్ళు మళ్ళీ కట్టారు గానీ ఉండేవాళ్ళు తక్కువ. అప్పుడు పుట్టిన ఆలోచన 'అల్బెర్గో దిఫ్ఫూసో', అంటే ఊరంతా పరుచుకున్న హోటల్. కొత్త బిల్డింగ్ కట్టరు. ఒక గది ఈ గల్లీలో, ఇంకో గది ఆ గల్లీలో, రిసెప్షన్ చౌరస్తా దగ్గర, టిఫిన్ ఇంకో చోట. ఊళ్ళో కొంతమంది మనుషులు ఇంకా బతుకుతుండాలి, అప్పుడే అది అల్బెర్గో దిఫ్ఫూసో. జాంకార్లో దల్లారా అనే ఆయన ఈ ఆలోచనకి రూపం ఇచ్చాడు. సార్దీనియా ప్రాంతం 1998లో దీన్ని చట్టంలోకి తెచ్చింది.

సరే, ఇదంతా ఇటలీది, మనకేంటి అంటారా? మన దగ్గర ఖాళీ ఇళ్ళు లేవా?

1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. పాలేర్లు, జీతగాళ్ళు, కౌలు రైతులు వేలల్లో పట్నం నడిచారు. ఆ తర్వాత కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్ళల్లో దొరలు చాలామంది గడీలు వదిలి హైదరాబాద్ చేరారు. ఇప్పటికీ ఎన్నో ఊళ్ళల్లో గడి గోడ మీద రావిచెట్టు మొలిచి ఉంటుంది. కొన్ని బడులయ్యాయి, కొన్ని కూలిపోయాయి. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటని బాగుచేస్తే 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. ఇంకోవైపు జగిత్యాల, నిర్మల్ పల్లెల్లో గల్ఫ్ పైసలతో కట్టిన రెండంతస్తుల ఇళ్ళకి తాళాలు. ఓపెన్‌కాస్ట్ గనుల కింద పోయిన ఊళ్ళైతే ఖాళీ ఇల్లు కూడా మిగల్లేదు. అక్కడ ఇప్పుడు మట్టిగుట్టలు.

రేపు ఎవరో ఒకరు మన గడిని కూడా హోటల్ చేస్తారు. చెయ్యనీయండి, కూలిపోవడం కన్నా మంచిదే. కానీ ఆ హోటల్ గోడ మీద ఏం రాస్తారు? "రాజసం ఉట్టిపడే పురాతన భవనం" అనా? లేక ఈ గడి ముందర ఎవరు చెప్పులు చేత పట్టుకుని నడిచారో కూడా రాస్తారా? ఇటలీలో కొన్ని చోట్ల పాలు రైతుల పనిముట్లు, లెక్కపుస్తకాలు పెట్టి మ్యూజియంలు చేశారు. చాలా చోట్ల మాత్రం స్విమ్మింగ్ పూల్ పక్కన ఒక పాత నాగలి అలంకారానికి ఉంటుంది, అంతే. మనం ఏది చెయ్యబోతున్నామో ఇప్పుడే ఆలోచించుకోవాలి. ఎందుకంటే వెట్టి చేసిన మనుషులని చూసినవాళ్ళు మన ఇళ్ళల్లో ఇంకా కొంతమంది ఉన్నారు. వాళ్ళ మాట ఫోన్‌లో రికార్డ్ చేసుకోవడానికి ఇదే టైం.

ఇక తమ్ముడికి జవాబు. ముందు పనికొచ్చే ముచ్చట్లు.

చేన్లో ఇల్లు తీసుకుంటే కారు ఉండాల్సిందే. బస్సు రాదు, రాత్రి ఆటో దొరకదు, దుకాణం నడక దూరంలో ఉండదు. మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే తీసుకుని పోవాలి. సెప్టెంబర్, అక్టోబర్‌లో ద్రాక్ష కోత, ఆ తర్వాత ఆలివ్. ఆ నెలల్లో పోతే పని కళ్ళారా చూస్తారు. ఇటలీ ఉత్తరాన పాల డెయిరీల్లో, రోమ్ దక్షిణాన లాతీనా వైపు కూరగాయల చేన్లలో పంజాబీలు చాలామంది పనిచేస్తారు. పాత పాలు రైతుల పిల్లలు వదిలిన పని ఇప్పుడు చాలా చోట్ల మన దేశం వాళ్ళ చేతుల్లో ఉంది. కనబడితే పలకరించండి.

ఊళ్ళో హోటల్ తీసుకుంటే కారు లేకున్నా నడుస్తుంది. కానీ బస్సు టైములు, ముఖ్యంగా ఆదివారం బస్సులు, ముందే చూసుకోవాలి. కారుంటే ఊరి లోపలికి తోలొద్దు. చాలా పాత ఊళ్ళల్లో బయటి బండ్లకి లోపల అనుమతి లేదు, కెమెరా పడితే ఫైన్ ఇంటికే వస్తుంది. గల్లీల్లో మెట్లు ఎక్కువ, పెద్ద సూట్‌కేస్ మోయలేరు. పొద్దున కాఫీ దుకాణంలో ముసలివాళ్ళ మధ్య నిలబడి కాఫీ తాగడం, సాయంత్రం చౌరస్తాలో కూర్చోవడం, ఇవి చేన్లో దొరకవు.

నా సలహా: మూడు రాత్రులు అగ్రితురిస్మోలో, రెండు రాత్రులు గుట్ట మీద ఊళ్ళో. అదే వరసలో. ముందు చేన్లో ఉంటే, తర్వాత గుట్ట మీది నుంచి కిందికి చూసినప్పుడు ఆ ఒంటరి ఇళ్ళు ఏంటో తెలుస్తుంది. లేకపోతే అవి పచ్చటి బొమ్మలో చుక్కలే.

ఇంకో మాట చెప్పాను వాడికి. ఎక్కడ దిగినా, ఆ ఇంటివాళ్ళని ఒక ప్రశ్న అడుగు. "ఈ ఇంట్లో మీకంటే ముందు ఎవరున్నారు? వాళ్ళు ఎటు పోయారు?" అని. భాష రాకపోతే ఫోన్ చెప్తుంది. చెప్పేవాళ్ళు చెప్తారు, తప్పించుకునేవాళ్ళు తప్పించుకుంటారు. ఏది జరిగినా వచ్చాక చిన్నబాపుకి చెప్పాలి, ఆయన అడిగిన ప్రశ్న అది.

వాడు అట్లాగే బుక్ చేశాడు. చిన్నబాపు ఇంకో పని కూడా అప్పజెప్పాడు: "ఆ ఎడ్ల కొట్టం ఉన్న గది ఫోటో తియ్యి రా, పూల కుండీలది కాదు."

ఫోటో వచ్చాక మీకూ చూపిస్తా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.